దూలగొండి సాక్ష్యం

ఏడు ప్రాకారాలు, ఏడు అగడ్తలు, అగడ్తల నిండా నోళ్ళు తెరుచుకుని తిరిగే మొసళ్ళు. వాటన్నిటి నడుమ చంద్రకాంత శిలలతో కట్టిన ఏడంతస్తుల రాజసౌధం, దాని నెత్తిన పగటి ఎండకు తళతళలాడే పసిడి కలశాలు! చంద్రశిలా నగరాన్ని చూసిన బాటసారి ఎవరైనా చేతులు జోడించి తీరవలసిందే. ఆ మధ్యాహ్నం పొన్నారి మాత్రం ఆ సౌందర్యాన్నంతా ఒక్కసారి కలయజూసి, కాండ్రించి ఉమ్మింది.

ఉమ్మదూ మరి? కోటగుమ్మం ముందు డప్పులవాడు గొంతు చించుకుంటున్నాడు.

"విషమూలికలిచ్చి రాకుమారి హేమనందినీదేవి ఒంటిని పాడుచేసిన ఆకుగూడెం చండ్రయ్యను నేటి సూర్యాస్తమయానికి సున్నపు గుంటలో తోస్తారహో! చూడవచ్చినవారికి పానకం పోస్తారహో!"

ఆ చండ్రయ్య పొన్నారికి తండ్రి. తామరకు తగిరిసాకు పసరు, గజ్జికి వేపనూనె, కాలిన పుండుకు కలబంద గుజ్జు, మొహం మీది మచ్చకు మంజిష్ఠ. నలభై ఏళ్ళుగా చుట్టుపక్కల నూరూళ్ళ చర్మాలు ఆయన చేతి చలువతోనే బతికాయి. అలాంటివాణ్ణి చంపడమే కాకుండా పానకం కూడా పోస్తారట! పొన్నారికి అసలే ముక్కు మీద కోపం. మూడురోజులుగా కొండలూ వాగులూ దాటి పరుగెత్తుకొచ్చిన ఒళ్ళేమో సెగలు కక్కుతోంది. డప్పు లాక్కుని వాడి నెత్తినే వాయించాలనిపించింది. కానీ పొద్దుగూకడానికి రెండు జాములే ఉంది, డప్పులవాణ్ణి కొట్టి ఒక క్షణం కూడా పోగొట్టుకోలేదు.

అసలు చంద్రశిలకు పట్టిన పిచ్చికి మూలం వేరే ఉంది. ఆర్నెల్ల కిందట రాజవైద్యుడు శుభంకరుడు 'స్వర్ణలేపం' అని ఒకటి తయారుచేశాడు. మూడు పూతలకు ఒళ్ళు మేలిమి బంగారమైపోతుందట. ఇంకేం, తల్లులు కూతుళ్ళకు పూశారు, అత్తలు కోడళ్ళకు పూశారు, మీసాలున్న మగధీరులు తలుపులు మూసుకుని తమకు తామే పూసుకున్నారు. దేవుడిచ్చిన చామనఛాయ ఒక్కరికీ పనికిరాకుండా పోయింది. నెల తిరగ్గానే అందరికీ ఒళ్ళు పొరలు పొరలుగా లేవసాగింది. రాకుమారి సంగతి మరీ ఘోరం. అప్పుడు శుభంకరుడు తెల్లగడ్డం నిమురుకుంటూ, "లేపంలో దోషం లేదు మహాప్రభూ! మూలికలు తెచ్చిన కొండవాడే విషం కలిపాడు" అన్నాడు. భీమదండ మహారాజు ఆ మాట నమ్మాడు. దొంగే దొంగ దొంగ అని అరిస్తే ఊరంతా ఇంకోవైపు పరుగెత్తిందన్నమాట!

లోపలికి వెళ్ళే దాసీల వరుసలో పొన్నారి కొంగు ముసుగేసుకుని నిలబడింది. బావి గట్టున ఎవరో నీళ్ళతో వదిలేసిన ఇత్తడి బిందె చంకన పెట్టుకుంది.

"ఏంటది?" అన్నాడు ద్వారపాలకుడు బల్లెం అడ్డంపెట్టి.

"రాకుమారికి వట్టివేళ్ళ నీళ్ళు. ఎండలో నన్ను నిలబెట్టి వేడెక్కించావనుకో, ఎందుకు వేడెక్కాయో నువ్వే వచ్చి చెప్పుకో."

బల్లెం గబుక్కున లేచింది. అలాగే ఆరు ద్వారాలు దాటింది. ఏడో ద్వారం దగ్గర దళవాయి ఒకడు ఆమె వేళ్ళ వంక చూశాడు. ఏ నీళ్ళకూ వదలని ఆకుపచ్చని పసరు మరకలు!

"కొండపిల్ల! పట్టుకోండి!"

పొన్నారి బిందె నీళ్ళను చలువరాతి మెట్ల మీద గుమ్మరించింది. దూసుకొచ్చిన భటులు ఒకరి మీద ఒకరు దభీదభీమని పడ్డారు. ఆమె వాళ్ళ వీపుల మీదుగానే దూకి, తోటలో పడి, అంతఃపురం గోడకు అల్లుకున్న మాలతీ తీగను అందుకుంది. చెవి పక్క నుంచి ఒక బాణం రివ్వున పోయింది, రెండోది కొంగును గోడకు కుట్టింది. కొంగు చింపుకుని పైకి పాకి, రెండో అంతస్తు గవాక్షంలోంచి లోపలికి దొర్లింది.

దొర్లీదొర్లగానే మెడ మీద చల్లగా బాకు తగిలింది.

"లేపం తెచ్చావా? ఇంకొక్క చుక్క నా ఒంటికి తగిలిందో, నీ చెయ్యి నరుకుతాను" అంది ఒక కంఠం.

రత్నకంబళాలు, ముత్యాల జాలరులు, నిలువుటద్దాల మీద కప్పిన నల్లగుడ్డలు. ఆ గదిలో రాకుమారి హేమనందిని నిలబడి ఉంది. భుజాల నుంచి మోచేతుల దాకా చర్మం పొరలుగా లేచి, కింద పచ్చి ఎరుపు కనిపిస్తోంది.

"నరుకుదువుగాని తల్లీ, ముందు నన్ను చూడనీ" అంటూ పొన్నారి తన ఎడమ ముంజేయి చాపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చిన్నా పెద్దా మచ్చలు, చుక్కలు, మాడిన గీతలు. "చూశావా? ఇది మా ఆకుగూడెం ఆన. ఏ మందైనా ముందు మా ముంజేతికి రాసుకుంటాం. అక్కడ పొక్కితే పారబోస్తాం, పొక్కకపోతేనే పరాయి ఒంటి మీద పెడతాం. మా నాయన చెయ్యి చూస్తే నీకు ఏడుపొస్తుంది. ఆయన నీకు విషమిచ్చాడంట! ఏదీ ఆ లేపం?"

బాకు కిందికి దిగింది. రాకుమారి వెండిగిన్నె చూపించింది. పొన్నారి వాసన చూసి, గోటితో గీరి చూసి, పళ్ళు పటపటా కొరికింది.

"పాదరసంతో చేసే రసకర్పూరం, దానిమీద నల్లజీడి పాలు. చాకలివాళ్ళు బట్టల మీద చెరగని గుర్తు పెట్టుకునే జీడి ఇది. పడుచుపిల్ల ఒంటికి పూస్తాడా వీడు? మా నాయన ఇచ్చిన మంజిష్ఠ, కస్తూరిపసుపు దీంట్లో వాసనకైనా లేవు!"

తిడుతూనే ఆమె గవాక్షం పక్కన కుండీలో పెరుగుతున్న కలబంద మట్టలు విరిచింది. ఏపుగా పెరిగిన ఆ మందుమొక్కను అంతఃపురంలో అందం కోసం పెట్టుకున్నారు, ఒక్కరూ ముట్టిన పాపాన పోలేదు. మట్టల్లోంచి కారే పచ్చని చేదు పాలు పోయేదాకా కడిగి, గుజ్జు తీసి, ముందు తన ముంజేతికి రాసుకుని చూపించి, తర్వాత రాకుమారి భుజాల మీద పరిచింది. హేమనందిని కళ్ళు మూసుకుంది. ఇన్ని నెలల్లో మంట తగ్గడం అదే మొదటిసారి.

"ఈ రాలిన పొరలు ఏం చేశారు?" అడిగింది పొన్నారి.

"శుభంకరుడే తీసుకుపోతాడు. ఒక్కొక్కటీ చిరగకుండా ఒలిచి చందనపు పెట్టెలో పెట్టుకుంటాడు. దోషం పోవడానికి హోమంలో వేస్తాడట."

పొన్నారి నొసలు ముడిపడింది. పుండు చెక్కు పెట్టెలో దాచుకునే వైద్యుణ్ణి ఆమె ఎక్కడా చూడలేదు. అడిగేందుకు వ్యవధి లేదు, తలుపులు భటుల తాకిడికి ఊగిపోతున్నాయి. రాకుమారి స్వయంగా గడియ తీసి, "నా పల్లకీ తెండి! ఈమె నాతో వస్తుంది. ముట్టుకున్నవాడి తల ఉండదు" అని గర్జించింది.

* * *

పడమటి ప్రాకారం అవతల సున్నపు గుంట కుతకుతమంటోంది. వేల మంది జనం. బంగారు గొడుగు కింద మహారాజు, ఆయన కుడివైపు తెల్లగడ్డంతో, పట్టుబట్టలతో, నుదుట విభూతితో శుభంకరుడు. చూడ్డానికి ఎంత పెద్దమనిషో! పైన పటారం, లోన లొటారం. గుంట ఒడ్డున కొయ్యకు చండ్రయ్యను కట్టేశారు.

"నాయనా!" అని పొన్నారి కేకేసింది.

చండ్రయ్య తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు. ఆ దిగులు చూసి ఆమెకు కడుపు రగిలిపోయింది. రాజుకు దండం పెట్టడం కూడా మరిచి నేరుగా శుభంకరుడి ముందుకెళ్ళి వేలు చూపించింది.

"ఓ పెద్దాయనా! నువ్వు చేసిన లేపం నువ్వెప్పుడన్నా పూసుకున్నావా? మా కొండల్లో తన ముంజేతికి పెట్టుకోని మందు పరులకిచ్చినవాణ్ణి వెలేస్తాం. ఈ గిన్నెలోది నువ్వు రాసుకో, నేనూ రాసుకుంటా. ఎవరి చెయ్యి ఏం చెబుతుందో మహారాజునే చూడమను!"

మహారాజు ఏదో అనబోయాడు. రాకుమారి పల్లకీ తెర తొలగించి, "రాసుకోమనండి నాన్నగారూ" అంది. ఎరుపెక్కిన ఆ భుజాలు చూసి రాజు సరేనని తల ఊపాడు.

శుభంకరుడు చిరునవ్వుతో చేయి చాపాడు. ఇద్దరి ముంజేతుల మీదా ఒకే గిన్నెలోంచి ఒకే మందాన లేపం పూశారు. గడియ గడిచింది. పొన్నారి చేతి మీద ఎర్రని దద్దు లేచింది, దాని మీద నీటిపొక్కులు తేలాయి, చేయి నిప్పుల్లో పెట్టినట్టు మండింది. శుభంకరుడు తన చెయ్యి తుడిచి పైకెత్తి చూపించాడు. అది నున్నగా పచ్చగా మెరుస్తోంది.

"చూశారా ప్రభూ! ఈ పిల్ల రక్తంలోనే విషముంది. లేపం దాన్ని బయటపెట్టింది" అన్నాడు.

జనం గొల్లుమని నవ్వారు. పొన్నారికి గోరుచుట్టు మీద రోకలిపోటు పడినట్టయింది. "బంధించండి! తండ్రితో పాటే తొయ్యండి!" అని రాజు ఆజ్ఞాపించాడు. నలుగురు భటులు ఆమె రెక్కలు పట్టి గుంట వైపు ఈడ్చుకుపోసాగారు. సూర్యుడు ప్రాకారం అంచుకు దిగాడు.

ఈడ్చుకుపోతుంటే ఆమెకు భయం వేయలేదు, ఒళ్ళు మండిపోయింది. ఎందుకు పొక్కలేదు ఆ చెయ్యి? నల్లజీడి పాలు పడితే రాజూ ఒకటే బంటూ ఒకటే. బతికున్న ఏ ఒళ్ళయినా పొక్కి తీరాలి. పొక్కలేదంటే ఆ చెయ్యి బతికున్నది కాదు. బతికున్నది కానిది ఏమిటి? రాలిన పొర! చిరగకుండా ఒలిచి పెట్టెలో దాచుకున్న పొర!

"ఓరి నీ దుంపతెగ!" అని అరిచింది పొన్నారి.

అడవిదారిన ఒంటరిగా నడిచే ఆకుగూడెం ఆడవాళ్ళ నడుమున ఎప్పుడూ ఒక చిన్న పొట్లం ఉంటుంది. దాంట్లో ఎండిన దూలగొండి కాయల నూగు. ఎలుగుబంటి మీదైనా, ఎలుగుబంటి లాంటి మగవాడి మీదైనా కత్తికంటే అదే నయం. ఆమె ఎడమ పక్క భటుడి చెయ్యి కొరికి, విడిపించుకున్న చేత్తో పొట్లం లాగి, విప్పి, పడమటి గాలికి విసిరేసింది.

ఒక్క లిప్తపాటు ఏమీ కాలేదు. ఆ తర్వాత చూడాలి చంద్రశిలా సామ్రాజ్య వైభవం! ముందు భటులు బల్లేలు పారేసి మెడలు గోక్కున్నారు. తర్వాత మంత్రులు. తర్వాత సేనాపతి కవచంలోకి చేయి దూర్చలేక ఒరతో వీపు గోక్కున్నాడు. మహారాజు కిరీటం తీసి తొడ మీద పెట్టుకుని రెండు చేతులా తల గోక్కుంటున్నాడు. వింజామరలు వీచేవాళ్ళు వింజామర పిడులతో ఒకరినొకరు గోక్కుంటున్నారు. రాకుమారి మాత్రం పల్లకీ తెరలు బిగించుకుని లోపలే ఉంది. పొన్నారికీ ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టే ఉంది, పళ్ళ బిగువున ఓర్చుకుంది.

అంత గోకుడు మధ్య ఒకే ఒక్క మనిషి నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉన్నాడు. గడ్డం నిండా, మెడ నిండా, చేతుల నిండా దూలగొండి నూగు. అయినా అతడి వేలు కూడా కదలలేదు.

"మహారాజా! గోక్కుంటూనే ఇటు చూడు!" అని అరిచింది పొన్నారి. "నీ వైద్యుడికి దురదెందుకు పుట్టలేదో అడుగు!"

శుభంకరుడి ముఖంలో చిరునవ్వు చెదిరింది. గబగబా మెడ గోక్కోబోయాడు. అప్పటికే పొన్నారి అతని మీదికి దూకి, ముంజేతిలో గోళ్ళు దించి బర్రున లాగింది. ఉల్లిపొరలా చర్మమంతా మోచేతి దాకా, భుజం దాకా, మొహం మీది గడ్డంతో సహా ఊడివచ్చింది. లోపల బూడిదరంగు దేహం, రెప్పలు లేని పసుపుపచ్చ కళ్ళు!

"ఉరగాక్షుడు!" అని మహారాజు కెవ్వుమన్నాడు. పన్నెండేళ్ళ కిందట రాజ్యం నుంచి తరిమేసిన మాంత్రికుడు!

"అవును, ఉరగాక్షుణ్ణే!" అంటూ మాంత్రికుడు వికటంగా నవ్వాడు. "మనిషి బతికుండగా ఒలిచిన కుబుసం తొడుక్కుంటే ఆ మనిషినే అవుతాను. మీ అందాల పిచ్చి పుణ్యమా అని మీ నగరమంతా నా పెట్టెల్లో ఉంది. ఇక మీలో అసలెవడో నకిలీ ఎవడో మీరే తేల్చుకోండి!"

సేనాపతి కత్తి దూసేలోపల మాంత్రికుడు ఊడిన కుబుసాన్ని మళ్ళీ ఒంటికి చుట్టుకుని, అందరూ చూస్తుండగానే సున్నపు గుంటలోకి దూకాడు. తెల్లని ఆవిరి భగ్గున లేచింది. అది చెదిరేసరికి గుంట అవతలి ఒడ్డున, ఉడుకుతున్న సున్నంలోంచి ఒక్క మచ్చ కూడా లేకుండా నడిచిపోతున్న ఆ వీపు కనిపించింది. మరుక్షణం అది దక్షిణపు కనుమ వైపు మాయమైంది.

"చండ్రయ్యను విడిపించండి! వెయ్యి వరహాలివ్వండి!" అని మహారాజు గోక్కుంటూనే కేకలు వేశాడు.

"నీ వరహాలు నువ్వే గోక్కో!" అంది పొన్నారి. వేళాకోళంగా అన్న మాట కాదది, ఆమెకు నిజంగా అంత మంటగా ఉంది. జనంలో ఒకడి నడుమున ఉన్న కొడవలి లాక్కుని, గుంట ఒడ్డుకు పరుగెత్తి కట్లు కోసింది.

"బిడ్డా! నా ప్రాణం నిలబెట్టావు!" అంటూ చండ్రయ్య ఆమెను కౌగలించుకున్నాడు. అదే గొంతు. అదే చేయి, ముంజేతి మీద నలభై ఏళ్ళ మచ్చలు ఒక్కటీ తప్పకుండా ఉన్నాయి. పొన్నారికి కన్నీళ్ళు ఆగలేదు. "నాయనా, నాయనా" అంటూ ఆ భుజం మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

చండ్రయ్య ఆమెను వదిలి, "అబ్బ, ఏం దురద, ఏం దురద!" అంటూ రెండు చేతులా ఛాతీ గోక్కోసాగాడు.

పొన్నారి ఏడుపు ఆగిపోయింది.

దూలగొండి పడితే ఊళ్ళవాళ్ళు గోక్కుంటారు. గోకినకొద్దీ నూగు లోపలికి దిగుతుంది. ఆకుగూడెంలో నడక నేర్చిన పిల్లలకు కూడా మొదట చెప్పే పాఠం, చేతులు బిగించుకుని పేడ వెతుక్కోమని. పేడ పట్టించి, ఆరనిచ్చి, ఒలిస్తే నూగంతా దాంతోనే వచ్చేస్తుంది. ఆ పాఠం ఆమెకు చెప్పినవాడు చండ్రయ్యే. అయిదేళ్ళ వయసులో ఆమె ఒక్కసారి గోక్కుంటే వేళ్ళ మీద బెత్తంతో కొట్టాడు. ఆయన గోళ్ళతో గోక్కోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఆ ఛాతీ వంక చూసింది. అంత గట్టిగా గోక్కున్నా ఒక్క దద్దు లేవలేదు. ఒక్క ఎర్రగీత పడలేదు.

వీడు నాయన కాదు, నాయన కుబుసం తొడుక్కున్న ఆ మాంత్రికుడి మనిషి! దురదే తెలియని ఆ తొడుగుకు సున్నం మంట మాత్రం ఏం తెలుస్తుంది? గుంటలో తోసినా వీడు నవ్వుకుంటూ అవతలి ఒడ్డున లేచేవాడు. లోకమంతా చండ్రయ్య చచ్చాడనుకునేది. అసలు చండ్రయ్య, వెయ్యి మూలికల గుట్టు తెలిసిన చండ్రయ్య, ఒళ్ళంతా ఒలిపించుకుని, ఎక్కడో ఆ మాంత్రికుడి కల్వం దగ్గర మందులు నూరుతూ ఉండేవాడు. ఉన్నాడు కూడా! మనిషి బతికుండగా ఒలిచిన కుబుసమే పనిచేస్తుందని ఆ పాపిష్ఠివాడే నోటితో చెప్పాడు కదా.

కొడవలి పిడి మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. ఎదురుగా ఉన్నవాడి గొంతు రెండడుగుల దూరంలో ఉంది. పుట్టినప్పటి నుంచి వచ్చిన కోపాన్ని వచ్చినట్టే కక్కేసిన మనిషి పొన్నారి. మింగడం ఎలాగో కూడా ఆమెకు తెలియదు. కానీ ఈ గొంతు తెగితే నాయన దారి తెగిపోతుంది. ఆయన ఎక్కడున్నాడో ఈ భూమ్మీద తెలిసినవాడు, చేతికి దొరికినవాడు, వీడొక్కడే.

పళ్ళ మధ్య నాలుక నలిగి రక్తం ఉప్పగా తగిలింది. ఆమె ఆ రక్తంతో పాటు కోపాన్నీ గుటక వేసింది. కొడవలిని నడుమున దోపుకుంది.

"మహారాజా, రెండు గుర్రాలిప్పించు" అంది వెనక్కి తిరగకుండా. తర్వాత చేయి చాపి, తండ్రి మచ్చలు తొడుక్కున్న ఆ చేతిని పట్టుకుంది. అది చల్లగా ఉంది.

"పద నాయనా, ఇంటికి పోదాం. దూలగొండి నా కళ్ళల్లో పడింది, ఏమీ ఆనడం లేదు. దారి నువ్వే చూపించు."

"అలాగే బిడ్డా, అలాగే" అన్నాడు వాడు ఎంతో ఆప్యాయంగా. "నాకు దగ్గరదారి తెలుసు."

గుర్రాలు వచ్చాయి. ఆకుగూడెం ఉత్తరాన ఉంది. వాడు కళ్ళెం దక్షిణానికి తిప్పాడు. పొన్నారి వాడి వెనకే తన గుర్రాన్ని అదిలించింది.